పిల్లికీ టి.సి. కావాలి

బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజు మన ఇళ్ళలో ఒక జాబితా తయారవుతుంది. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ లారీలో వెళ్ళాలి. గ్యాస్ కనెక్షన్ మార్పించాలి. పాత మంచం ఇక్కడే అమ్మేయాలి. తులసి మొక్కను పక్కింటివాళ్ళకు ఇవ్వాలి. పిల్లలకు బడిలో టి.సి. తీసుకోవాలి. మరి ఇంట్లో పిల్లి ఉంటే అది ఏ వరసలోకి వస్తుంది? అమ్మేసేవాటిలోకా, ఇచ్చేసేవాటిలోకా, టి.సి. తీసుకునేవాళ్ళలోకా? నన్నడిగితే మూడో వరసలోకి. ఆ పిల్లికి మధుమేహం ఉంటే మరీనూ.

ఈ మాట ఊరికే అనడం లేదు. డిండోలిలో మా ఫ్లాట్‌లో సంత్రా అనే తొమ్మిదేళ్ళ మగపిల్లి ఉంది. నాన్న నాగపూర్‌లో పనిచేసేటప్పుడు క్వార్టర్స్ మెట్ల కింద దొరికింది. ఒళ్ళంతా నారింజ రంగు, ఊరేమో నారింజలకు పేరుపడ్డ ఊరు, అందుకని ఆ పేరు పెట్టాం. అక్కడి నుంచి మాతోపాటే సూరత్ వచ్చింది. అంటే బదిలీ దానికి కొత్తేమీ కాదు. ఈ ఏడాది వేసవి సెలవులు అయిపోయే సమయానికి దానికి షుగర్ ఉందని తేలింది. నాన్నకు మళ్ళీ బదిలీ రావలసిన ఏడాది కూడా ఇదే.

సంగతి తెలిసి బాబాయి ఫోన్ చేశాడు. "షుగర్ వచ్చిన పిల్లిని వెంటేసుకుని ఊరూరా తిరుగుతావా అన్నయ్యా? కింద పార్కింగ్‌లో వదిలెయ్. ఎలకల్ని పట్టుకు తిని బతికేస్తుంది" అన్నాడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. పక్కనే కూర్చున్న నానమ్మ, "నాకూ షుగరేగా నాయనా. మరి నన్ను ఏ పార్కింగ్‌లో వదలమంటావు?" అంది. బాబాయి నవ్వి మాట మార్చేశాడు.

నానమ్మా పిల్లీ ఒకటేనని నేను వాదించను. కానీ బాబాయి మాటలో ఒక పొరపాటు ఉంది, అది చాలామందిలో ఉంది. జబ్బు లేని పిల్లిని కాలనీలో వదిలితే ఎలాగో బతుకుతుందేమో, దాన్ని పెంచుకునేవాళ్ళు దొరుకుతారేమో. రోజుకు రెండుసార్లు సూది వేయాల్సిన పిల్లిని ఎవరూ చేరదీయరు. ఇన్సులిన్ అందకపోతే దాని ఒళ్ళు చక్కెరను వాడుకోలేక కొవ్వును కరిగించుకుంటుంది, రక్తంలో కీటోన్లు పేరుకుంటాయి, వాంతులు, నీరసం, ఆ తర్వాత మరణం. "వదిలెయ్" అనే మాటకు ఈ పిల్లి విషయంలో అర్థం అదే. ఆ మాట అనేవాళ్ళు దాన్ని తెలిసి అనాలి.

పిల్లికి షుగర్ ఏమిటి అని మీలో కొందరు నవ్వుతుండవచ్చు. మా వీధిలోనూ నవ్వారు. డిండోలి, లింబాయత్ వైపు తెలుగువాళ్ళు తక్కువేం కాదు. మరమగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు చాలా ఉన్నాయి. మా కింది అంతస్తులో ఉండే పిన్ని వాళ్ళది కరీంనగర్ వైపు. ఆవిడ మా అమ్మతో, "పిల్లికి సుత షుగర్ వస్తదా అక్కా? గిదేం కాలమొచ్చె!" అంది. తర్వాత అందరూ అడిగే ప్రశ్నే అడిగింది: "స్వీట్లు గిట్ల పెట్టిండ్రా?"

పెట్టలేదు. పెట్టినా తినదు. పిల్లులకు తీపి రుచే తెలియదు. తీపిని పసిగట్టే జన్యువుల్లో ఒకటి పిల్లి జాతిలో పనిచేయదని 2005లో శాస్త్రవేత్తలు గుర్తించారు. ఘారీ మిఠాయి పెట్టె తెరిచి ముందు పెడితే సంత్రా నెయ్యి వాసన చూస్తుందేమో గానీ, అందులోని చక్కెర దానికి లేనట్టే. పిల్లులకు వచ్చే మధుమేహం ఎక్కువగా మనుషుల్లో రెండో రకం మధుమేహాన్ని పోలి ఉంటుంది. క్లోమం ఇన్సులిన్‌ను తయారుచేస్తున్నా శరీరం దాన్ని సరిగ్గా వినిపించుకోదు. పోనుపోనూ క్లోమం కూడా అలసిపోతుంది. వయసు పైబడినవి, ఒళ్ళు చేసినవి, ఇంట్లోంచి కదలనివి, అందులోనూ ఆపరేషన్ చేయించిన మగపిల్లులు దీనికి ఎక్కువగా గురవుతాయి. మా వాడికి ఈ నాలుగు లక్షణాలూ ఉన్నాయి.

ఎలా తెలిసిందంటే, ముందు నీళ్ళ గిన్నె చెప్పింది. రోజుకోసారి నింపే గిన్నె మూడుసార్లు నింపాల్సి వచ్చింది. ఇసుక పెట్టెలో తడి ముద్దలు పెద్దవయ్యాయి. తిండి ఎప్పటికంటే ఎక్కువ తింటూ కూడా వీపు మీద ఎముకలు చేతికి తగలడం మొదలైంది. అన్నిటికంటే వింతైనది దాని నడక. పిల్లులు మామూలుగా వేళ్ళ మీద నడుస్తాయి. సంత్రా వెనక కాళ్ళ మడమలు నేలకు ఆనించి, కుందేలులాగా నడవసాగింది. చక్కెర ఎక్కువై కాళ్ళ నరాలు దెబ్బతింటే ఇలా అవుతుందని తర్వాత డాక్టర్‌గారు చెప్పారు. చికిత్స కుదురుకుంటే చాలా పిల్లుల్లో ఈ నడక మెల్లగా బాగుపడుతుంది కూడా.

పరీక్ష దగ్గర ఒక చిక్కు ఉంది. పిల్లి భయపడితే చాలు, దాని రక్తంలో చక్కెర అమాంతం పెరుగుతుంది. బుట్టలో పెట్టి, ఆటోలో కుదిపి, కుక్కలు అరిచే ఆసుపత్రిలో కూర్చోబెడితే భయపడక ఏం చేస్తుంది? అందుకే ఒక్క అంకె చూసి షుగర్ అని ముద్ర వేయకూడదు. మా డాక్టర్‌గారు మూత్రంలో చక్కెర చూసి, ఫ్రక్టోజమీన్ అనే రక్తపరీక్ష కూడా చేయించారు. అది ఆ ఒక్క నిమిషం లెక్క కాదు, దాదాపు గడిచిన రెండు వారాల లెక్క చెబుతుంది. మనుషులకు మూడు నెలల షుగర్ పరీక్ష ఉంటుంది కదా, ఇది దానికి చిన్న చెల్లెలు అనుకోండి.

ఇక్కడి నుంచి మా ఇంట్లో నానమ్మ రాజ్యం. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారని అంచనా వేసింది. అంటే సూది, సీసా, పత్యం అంటే ఏమిటో తెలిసిన మనిషి దాదాపు ప్రతి కుటుంబంలోనూ ఎవరో ఒకరు ఉంటారు. పిల్లికి షుగర్ అనగానే ఇదేదో విదేశీ గొడవ అని భయపడాల్సిన పని లేదు. మా అమ్మ చేతులు వణికినప్పుడు, "చర్మం గుడారంలా పైకి లాగు, ఆ సందులో గుచ్చు, అంతే" అని నేర్పింది నానమ్మే. సంత్రా తింటూ ఉంటుంది, సూది పడిన సంగతి కూడా గమనించదు. అంత సన్నం ఆ సూది.

కానీ నానమ్మ సామాను పిల్లికి వాడకూడదు. ఇది నొక్కి చెప్పాలి. మన దేశంలో ఇన్సులిన్ రెండు బలాల్లో దొరుకుతుంది. ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు ఉండేది ఒకటి, 100 యూనిట్లు ఉండేది ఇంకొకటి. దేని సిరంజి దానిదే. 40 సిరంజికి ఎర్ర మూత, 100 సిరంజికి నారింజ మూత. నానమ్మది ఎర్ర మూత, సంత్రాది నారింజ మూత. 100 బలం మందును ఎర్రమూత సిరంజిలోకి ఒక గీత వరకు లాగితే ఒళ్ళోకి వెళ్ళేది ఒక యూనిట్ కాదు, రెండున్నర. పిల్లికి పూటకు ఒక యూనిట్ దగ్గర మొదలుపెట్టే మందు ఇది. రెండున్నర రెట్లు అంటే దాని ప్రాణం మీదికి వస్తుంది. అందుకని మా ఫ్రిజ్‌లో రెండు వేర్వేరు డబ్బాలు, వాటి మీద రెండు పేర్లు. నానమ్మ తన డబ్బా మీద తన పేరు రాయించుకోవడానికి ఒప్పుకోలేదు, "నాది" అని మాత్రం రాయమంది.

చక్కెర ఎక్కువైతే రోజుల తరబడి చెడుపు చేస్తుంది. తక్కువైతే గంటల్లో కొంప ముంచుతుంది. పిల్లి తూలుతున్నా, పిలిస్తే పలకనట్టున్నా, వణుకుతున్నా వెంటనే చిగుళ్ళకు తేనె గానీ గ్లూకోజ్ నీళ్ళు గానీ రాసి డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. తిండి తినని పూట డాక్టర్‌ని అడగకుండా మామూలు మోతాదు వేయకూడదు. మోతాదు మార్చే అధికారం ఇంట్లో ఎవరికీ లేదు, నానమ్మకు కూడా.

తిండి సంగతి కొంచెం కష్టం. మన ఇళ్ళలో పిల్లి అంటే పెరుగన్నం, పాలన్నం. పిల్లి శరీరం మాంసం మీద బతకడానికి ఏర్పడింది, అన్నం, రొట్టె దానికి అవసరం లేని భారం. షుగర్ వచ్చాక డాక్టర్‌గారు అన్నం పూర్తిగా ఆపించి, మాంసకృత్తులు ఎక్కువగా, పిండిపదార్థం తక్కువగా ఉండే తడి ఆహారానికి మార్పించారు. ఉడికించిన కోడిమాంసం ఒక్కటే పెడితే సరిపోదు, టారిన్, కాల్షియం లాంటివి అందవు. శాకాహారులు ఎక్కువగా ఉండే మెట్లవరసలో రోజూ రెండు పూటలా ఆ వాసన రాకుండా చూసుకోవడం మా అమ్మకు మరో పరీక్ష. సంత్రా మాత్రం ఇప్పటికీ నాన్న పెరుగన్నం కలిపే చప్పుడు వినగానే వచ్చి కూర్చుంటుంది.

ఇప్పుడు అసలు వాదనకు వస్తాను. ఈ జబ్బుకు కావాల్సింది పెద్ద ఆసుపత్రి కాదు, గడియారం. ఉదయం ఆరున్నర, సాయంత్రం ఆరున్నర. తిండి, సూది, నోట్‌బుక్‌లో ఒక వరస. ఇది ఏ ఊళ్ళోనైనా సాగుతుంది. మన కేంద్రీయ విద్యాలయాలు 1963లో మొదలైంది ఈ ఆలోచనతోనే కదా. తల్లిదండ్రుల ఉద్యోగం ఊరు మారినా పిల్లల పాఠం తెగిపోకూడదని. జమ్మూలో మొదలుపెట్టిన పాఠాన్ని కొచ్చిలో కొనసాగించే ఏర్పాటు మనకు ఉంది. సూరత్‌లో మందుల షాపులో దొరికే ఇన్సులిన్ గువాహటిలోనూ దొరుకుతుంది. బదిలీలో పోయేది మందు కాదు, చరిత్ర. ఏ మోతాదుకు ఎంత తగ్గింది, ఏ రోజు తినలేదు, బరువు ఎంత, పాత డాక్టర్‌ ఏం గమనించారు, ఇవన్నీ పోతాయి. కొత్త ఊళ్ళో కొత్త డాక్టర్ మళ్ళీ మొదటి పాఠం నుంచి మొదలుపెట్టాలి. అందుకే పిల్లికీ టి.సి. కావాలి అంటున్నాను.

ఆ చరిత్ర ఎందుకంత ముఖ్యమంటే, పిల్లుల్లో ఈ జబ్బుకు ఒక మంచి గుణం ఉంది. మొదటి నెలల్లోనే ఇన్సులిన్ మొదలుపెట్టి, పత్యం గట్టిగా పాటించి, చక్కెరను అదుపులోకి తెస్తే కొన్ని పిల్లులకు తర్వాత ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. అన్నిటికీ కాదు. జబ్బు మళ్ళీ తిరిగి రావచ్చు కూడా. కానీ ఆ అవకాశం తొలి నెలల్లోనే ఎక్కువ. సరిగ్గా ఆ నెలల్లో మనం సామాన్లు సర్దుతూ, "అక్కడికి వెళ్ళాక చూద్దాంలే" అంటే ఆ అవకాశం పోతుంది. బదిలీ ఉత్తర్వు మన చేతిలో లేదు, నిజమే. ఆ నెలలో సూది తప్పకుండా చూడటం మన చేతిలో ఉంది.

ఈ మందు చరిత్ర కూడా ఒకసారి గుర్తుచేసుకోవాలి. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ను కనిపెట్టింది కుక్కల మీద ప్రయోగాలు చేసి. 1922 జనవరిలో దాన్ని మొదటగా తీసుకున్న రోగి లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ కుర్రాడు, మన తొమ్మిదో తరగతి వయసు. ఆ తర్వాత దశాబ్దాలపాటు మనుషులు వాడింది ఆవుల నుంచి, పందుల నుంచి తీసిన ఇన్సులినే. పిల్లి ఇన్సులిన్‌కూ ఆవు ఇన్సులిన్‌కూ తేడా ఒక్క అమైనో ఆమ్లం. జంతువుల దగ్గర తీసుకుని బతికినవాళ్ళం, ఒక జంతువుకు అదే మందు ఇవ్వడాన్ని "డబ్బు దండగ" అనడం నాకు మింగుడుపడదు.

"పిల్లికి మనుషులకంటే ఇల్లే ముఖ్యం, చోటు మారిస్తే బెంగపెట్టుకుంటుంది" అని ఇంకో వాదన ఉంది. ఇందులో కొంత నిజం ఉంది. పిల్లి తన చోటును బాగా ఎరుగుతుంది, చోటు మారితే కంగారుపడుతుంది, కంగారులో చక్కెర పెరుగుతుంది. కానీ ఇల్లు అంటే గోడలు కాదు కదా. మనం వెళ్ళిపోయాక ఆ ఫ్లాట్‌లోకి వేరేవాళ్ళు వస్తారు, తలుపు మూసుకుంటుంది. చట్టం కూడా దీన్ని ఒప్పుకోదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం, ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువును తగిన కారణం లేకుండా వదిలేయడం క్రూరత్వమే. మొదటిసారి తప్పుకు ఆ చట్టం పెట్టిన జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. వడాపావ్ ప్లేటు ఖరీదు. కాబట్టి చట్టం భయంతో ఎవరూ ఆగరు, ఆగితే మనసు వల్లే ఆగాలి.

అందరి ఇళ్ళూ ఒకలా ఉండవని నాకు తెలుసు. అమ్మానాన్నలు ఇద్దరూ వేర్వేరు ఊళ్ళలో పనిచేసే ఇళ్ళున్నాయి, సరిహద్దు పోస్టింగులున్నాయి, నెలాఖరులో పిల్లి సిరంజిల ఖర్చు నిజంగా బరువయ్యే ఇళ్ళున్నాయి. వాళ్ళను తప్పుపట్టే హక్కు నాకు లేదు. వాళ్ళు చేయగలిగింది ఒకటుంది. సూది వేయడం నేర్చుకోవడానికి ఒప్పుకునే ఒక మనిషిని వెతికి, వెళ్ళేలోపు దగ్గరుండి నేర్పించి, నోట్‌బుక్ చేతిలో పెట్టడం. మా కింది పిన్ని మొదట నవ్వినావిడే. అమ్మానాన్నలు పెళ్ళికి ఊరెళ్ళినప్పుడు రెండు సాయంత్రాలు నానమ్మ పక్కన ఉండగా సంత్రాకు సూది వేసింది ఆవిడే. నేర్చుకోలేనంత విద్య కాదు. ఇక జబ్బు ముదిరి, బాధ తగ్గించే దారి లేదని డాక్టర్ చెబితే అది వేరే నిర్ణయం. దాన్ని కూడా ఇంట్లో కూర్చుని మాట్లాడుకుని తీసుకోవాలి గానీ, రాత్రిపూట సంచిలో పెట్టి చేపల మార్కెట్ దగ్గర వదిలిరావడం నిర్ణయం కాదు.

ఈ మాట్లాడుకోవడంలో మనల్ని, అంటే పిల్లల్ని, కూర్చోబెట్టుకోవాలి. "బెంగపెట్టుకుంటారు, చెప్పొద్దు" అని పెద్దలు అనుకుంటారు. మనం ఊళ్ళు మారి మారి స్నేహితుల్ని వదిలి రావడానికి అలవాటుపడినవాళ్ళం. బడి నుంచి వచ్చేసరికి పిల్లి లేకపోవడం, "ఎక్కడికో వెళ్ళిపోయింది" అనే అబద్ధం, ఈ రెండూ బెంగకంటే చెడ్డవి. అయితే సూది బాధ్యత మొత్తం పిల్లల మీద పెట్టడానికి కూడా నేను ఒప్పుకోను. మోతాదు లాగడం పెద్దల పని. మా ఇంట్లో నా పని నోట్‌బుక్, నీళ్ళ కొలత, వారానికోసారి బరువు. ప్రీబోర్డు పరీక్షల్లో ఆ పని తమ్ముడికి వెళుతుంది. వాడి దస్తూరీ డాక్టర్‌గారికి అర్థం కాదు, అది వేరే సంగతి.

బదిలీ వస్తుందని తెలిసిన ఇళ్ళకు కొన్ని సంగతులు. వెళ్ళే ముందు డాక్టర్ దగ్గర మందు పేరు, బలం, మోతాదు, సిరంజి రకం స్పష్టంగా రాయించుకోండి. రెండు నెలల నోట్‌బుక్ పేజీలు ఫొటో తీసి పెట్టుకోండి. కొత్త ఊరికి దగ్గర్లో పశువైద్య కళాశాల ఉందేమో చూడండి, వాటికి అనుబంధంగా ఆసుపత్రులు ఉంటాయి. మాకిక్కడ దగ్గర్లో నవసారిలో ఉంది. ఆంధ్రలో తిరుపతి, గన్నవరం, తెలంగాణలో హైదరాబాద్ రాజేంద్రనగర్, చెన్నైలో వేపేరి, ఉత్తరాదికి వెళ్ళేవాళ్ళకు బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్. రైల్లో పిల్లిని తీసుకెళ్ళే పద్ధతి గురించి టికెట్ కొనేముందే స్టేషన్ పార్శిల్ ఆఫీసులో అడగండి.

మేము ఆంధ్రకు వెళ్ళాల్సి వస్తే నవజీవన్ ఎక్స్‌ప్రెస్సే. డిండోలి పక్కనుంచే, జల్‌గావ్ లైను మీదుగా వెళుతుంది. విజయవాడ చేరేసరికి దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ. అంటే దారిలో రెండు సూదులు. ఇన్సులిన్ గడ్డకట్టకూడదు, మే నెల ఎండకు వేడెక్కకూడదు. గడ్డకడితే కరిగించి వాడటం కుదరదు, పారేయాల్సిందే. అందుకని ఐసు ముక్కలు ఒక సంచిలో కట్టి, మందు సీసాను గుడ్డలో చుట్టి, రెండూ ఒకదానికొకటి తగలకుండా థర్మాస్‌లో పెట్టాలి. నానమ్మ మాత్రం థర్మాస్‌ను నమ్మడం లేదు. తడి గుడ్డ చుట్టిన మట్టి ముంత కూడా ఒకటి తెమ్మని నాన్నను పోయిన ఆదివారం నుంచి వేధిస్తోంది. ముంత వచ్చేసింది. ఉత్తర్వే ఇంకా రాలేదు.